కాంటనీస్, ఒడియా భాషల పోలిక: ప్రాజెక్టు డైరీ

జనవరి, మొదటి వారం

ఈ ప్రాజెక్టు ఉద్దేశం చిన్నదే. కాంటనీస్, ఒడియా భాషల్లో ఒకే అర్థం వచ్చే నూరు వాక్యాలను పక్కపక్కన రాసి, మూడో వరుసలో తెలుగును ఉంచి, ఏ పనిని ఏ భాష ఏ పరికరంతో చేసుకుంటున్నదో గుర్తిస్తూ ఒక పట్టిక తయారు చేయాలి. ఒడియా వాక్యాలను బరంపురంలో పుట్టి పెరిగిన సహోద్యోగి ఒకరు చూసిపెడుతున్నారు. కాంటనీస్ వాక్యాలను హాంగ్‌కాంగ్‌లో ఉండే ఒక ఉపాధ్యాయురాలు వీడియో కాల్‌లో చదివి సరిదిద్దుతున్నారు. ఒడియా మనకు పొరుగు భాష. ఇచ్ఛాపురం, సోంపేట ప్రాంతాల్లో అది ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కాంటనీస్‌తో అలాంటి పరిచయం మనకు లేదు కనుక తెలుగు వరుస రెండింటికీ కొలబద్దగా పనికొస్తుందని అనుకున్నాను.

రెండు భాషలకూ చుట్టరికం లేదు. కాంటనీస్ చీనా భాషల్లో యూయే శాఖకు చెందినది. గ్వాంగ్‌జౌ, హాంగ్‌కాంగ్, మకావ్ దాని ముఖ్య స్థానాలు. ఒడియా మాగధీ ప్రాకృతం నుంచి వచ్చిన తూర్పు ఆర్యభాష. 2011 జనాభా లెక్కల్లో దాన్ని మాతృభాషగా చెప్పినవారు 3.7 కోట్ల పైచిలుకు. 2014లో దానికి ప్రాచీన భాష హోదా వచ్చింది. కాబట్టి మాటల జాబితాలు ఎదురెదురుగా పెట్టి పోలికలు వెదకడంలో అర్థం లేదు. ఒక జాబితా మాత్రం పట్టికలో ఉంచాను, అది సంఖ్యలది. కాంటనీస్‌లో ఇరవై ఒకటి అంటే రెండు, పది, ఒకటి అన్న మూడు మాటలు వరుసగా పలకడమే. పదకొండు నుంచి తొంభై తొమ్మిది దాకా ఇదే పద్ధతి. ఒడియాలో ఏకోఇశి, బాఇశి, తేఇశి అంటూ వందలోపు ప్రతి సంఖ్యకూ దాదాపు విడి రూపం నేర్చుకోవలసిందే. ఇంతకు మించి సంఖ్యల దగ్గర ఆగలేదు.

జనవరి, చివరి వారం: లిపి

రెండు భాషలనూ తెలుగు లిపిలో రాయాలన్నది మొదటి నుంచీ నియమంగా పెట్టుకున్నాను. ఒడియా విషయంలో ఈ పని చాలావరకు కంప్యూటరే చేసిపెట్టింది. ప్రపంచ లిపులన్నిటి అక్షరాలకూ సంకేత సంఖ్యలు ఇచ్చే యూనికోడ్‌లో ఒడియాకు 128 స్థానాలు, దాని వెనుక తమిళానికి 128, ఆ వెంటనే తెలుగుకు 128 కేటాయించారు. మూడు భాషలకూ లోపలి అమరిక భారతీయ లిపులకు అంతకుముందే ఉన్న ఇస్కీ అనే కంప్యూటర్ సంకేతాల ప్రమాణం నుంచి వచ్చినదే. అందువల్ల ఒడియా అక్షరం సంకేత సంఖ్యకు 256 కలిపితే అదే అక్షరం తెలుగులో దొరుకుతుంది. నాలుగు వరుసల పైథాన్ ప్రోగ్రాముతో వాక్యాలన్నీ మారిపోయాయి.

మిగిలినవి చేత్తో చూసుకోవలసిన అక్షరాలు. ఒడియాలో ఎ, ఏలకూ, ఒ, ఓలకూ తేడా లేదు. ఉన్న ఒక్కొక్క అక్షరమూ మన దీర్ఘాల స్థానంలో కూర్చుంటుంది కనుక మార్పిడి తరువాత అన్నీ ఏ, ఓలుగా కనిపిస్తాయి. య వంటి అక్షరాలు ఒడియాలో రెండు. ఒకటి మాట మొదట జ అని పలుకుతుంది, రెండోది య అనే పలుకుతుంది. రెండో దానికి తెలుగు బ్లాక్‌లో జోడు లేదు. ఉచ్చారణను బట్టి మొదటిదాన్ని జ గానూ, రెండోదాన్ని య గానూ రాయాలని నిర్ణయించాను. చుక్క పెట్టిన డ అక్షరం నార్మలైజేషన్ (ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు సంకేత రూపాలను ఒకే రూపంలోకి తేవడం) చేసినప్పుడు డ, చుక్క అనే రెండు సంకేతాలుగా విడిపోతుంది కనుక, వెతికేటప్పుడు దొరకకుండా పోకుండా మొత్తం ఫైలును ముందే ఆ రూపంలోకి మార్చి పెట్టాను. ఒడియా చంద్రబిందువు మాత్రం నేరుగా మన అరసున్న మీదికి వచ్చి వాలింది. అచ్చు పుస్తకాల్లోంచి మనం ఎప్పుడో సాగనంపిన అరసున్న ఇక్కడ నిజంగా ముక్కుతో పలికే అచ్చును సూచిస్తూ ‘ముఁ’ (నేను) అన్న మాటలో కొలువు తీరింది.

కాంటనీస్‌కు ఇలాంటి దారి లేదు. దాని లిపి చీనా అక్షరాలది. అక్షరం నుంచి ఉచ్చారణకు రావడానికి హాంగ్‌కాంగ్ భాషాశాస్త్ర సంఘం 1993లో రూపొందించిన యుత్‌ఫింగ్ అనే రోమన్ పద్ధతిని ఆధారం చేసుకున్నాను. అయితే రోమన్ అక్షరాలను ఇంగ్లీషులా చదివి తెలుగులో రాస్తే అంతా తారుమారవుతుంది. కాంటనీస్ స్పర్శాల్లో నాదాలు (గ, ద, బ వంటివి) లేవు, అల్పప్రాణ శ్వాసాలు (క, త, ప వంటివి), మహాప్రాణ శ్వాసాలు (ఖ, థ, ఫ వంటివి) మాత్రమే ఉన్నాయి. యుత్‌ఫింగ్‌లో బ, ద, గ లాగా కనిపించేవి నిజానికి ప, త, క. ప, ట, క లాగా కనిపించేవి ఫ, థ, ఖ. ఈ తేడాను రోమన్ కన్నా తెలుగు లిపి నిక్కచ్చిగా చూపగలదు, ఒడియాలోని నాలుగు వరుసల స్పర్శాలనూ అదే లిపి మోయగలదు. ఒకే చిక్కు: కాంటనీస్‌లో మహాప్రాణ ఫ వేరు, కింది పెదవిని పళ్లకు ఆనించి పలికే ఫ వేరు, మనకు రెండింటికీ ఒకటే అక్షరం. పెదవులు గుండ్రంగా చుట్టి నాలుకను ముందుకు తెచ్చి పలికే అచ్చులకు కూడా మన దగ్గర గుర్తులు లేవు. వాటిని ఒ, యూలతో సరిపెట్టాను. వర్ణమాలలో అప్పజెప్పడానికే తప్ప మాటల్లో పెద్దగా అవసరం పడని మన ఙ మాత్రం కాంటనీస్‌లో మాట మొదట్లోనూ చివర్లోనూ నిండుగా పనికొచ్చింది: ‘ఙో5’ అంటే నేను (పక్కన ఉన్న అంకె మాటను పలికే గొంతు ఎత్తుపల్లాలను, అంటే స్వరాన్ని, చూపుతుంది). హాంగ్‌కాంగ్‌లో చాలామంది ఇప్పుడు దాన్ని ఓ5 అనే పలుకుతారు, ‘నెయ్5’ (నువ్వు) అన్న మాటను ‘లెయ్5’ అంటారు. పట్టికలో నిఘంటువు రూపాలనే ఉంచాను.

ఫిబ్రవరి: స్వరాలు, పదాంతాలు

మాట పక్కన ఉన్న అంకె స్వరాన్ని సూచిస్తుంది. సీ అన్న అక్షరాన్ని ఆరు స్వరాల్లో పలికితే కవిత, చరిత్ర, ప్రయత్నించడం, కాలం, బజారు, విషయం అన్న ఆరు అర్థాలు వస్తాయి. వీటిలో కొన్ని ఒంటరిగా మాటలుగా నిలవవు, జంట పదాల్లో మాత్రమే వస్తాయి. ఉపాధ్యాయురాలు పలికిన ఆరింటినీ రికార్డు చేసి, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి రేఖలు గీయించాను. భాషాశాస్త్రజ్ఞుడు చావ్ యువెన్ రెన్ 1930లో ప్రతిపాదించిన అయిదు మెట్ల కొలతలో పెడితే ఒకటో స్వరం పై మెట్టు మీద సమంగా నిలుస్తుంది, నాలుగోది అడుక్కి జారుతుంది. మూడు, ఆరు స్వరాలు రెండూ సమంగానే సాగుతాయి, ఒకటి మధ్యలో, రెండోది కాస్త కింద. చెవితో విన్నప్పుడు నాకు తేడా అందలేదు, రేఖల్లో స్పష్టంగా కనిపించింది. రెండు, అయిదు స్వరాలు రెండూ కిందనుంచే పైకి లేస్తాయి, ఎంత ఎత్తుకు లేస్తాయన్నదే తేడా. హాంగ్‌కాంగ్ యువతరంలో కొందరు ఈ జంటలను కలిపేస్తున్నారన్న సంగతి పరిశోధకులు నమోదు చేసిందే.

సంప్రదాయ చీనా గ్రంథాలు కాంటనీస్‌కు తొమ్మిది స్వరాలు చెబుతాయి. అదనపు మూడూ ప్, త్, క్‌లతో ముగిసే అక్షరాలకు ఇచ్చిన పేర్లు. శ్రుతిలో అవి ఒకటి, మూడు, ఆరు స్వరాలతో సమానమే కనుక నేను ఆరుతోనే సరిపెట్టాను. ఆ హల్లులు చివర్లో విడుదల కావు. యత్1 (ఒకటి), లుక్6 (ఆరు), సప్6 (పది) అన్నప్పుడు నోరు మూసుకుంటుంది, గాలి బయటికి రాదు. అజంతమైన మాటలకు అలవాటు పడ్డ తెలుగు చెవికి ఈ మూడింటి చివరలూ ఒకేలా వినిపిస్తాయి.

ఒడియా దీనికి పూర్తిగా వ్యతిరేకం. హిందీ వాళ్లు ఘర్ అని ముగించే చోట ఒడియా వాళ్లు ఘర అని చివరి అచ్చును పలుకుతారు, అదీ మన అ లాగా కాక ఒ ధ్వనికి దగ్గరగా. మాటలను అజంతాలుగా ఉంచుకోవడంలోనూ, ళ, ణలను కాపాడుకోవడంలోనూ ఒడియా హిందీకన్నా తెలుగుకే దగ్గర. పదార్థాన్ని మార్చే స్వరాలు దానిలో లేవు. ధ్వనుల వరకు పోలిక ఇక్కడితో ముగిసింది. ఈ రెండు భాషలూ కలిసే చోటు ధ్వనుల్లో లేదు.

మార్చి: లెక్కకు తోడు వచ్చే మాట

ఈ నెల పట్టికలో అసలైన సరుకు చేరింది. సంఖ్యకూ నామవాచకానికీ మధ్య నిలిచే చిన్న మాటను భాషాశాస్త్రజ్ఞులు క్లాసిఫయర్ అంటారు. తెలుగులో మనుషులను లెక్కించేటప్పుడు ముగ్గురు, నలుగురు అనీ పదిమంది అనీ వేరుగా అంటాం. వస్తువుల దగ్గర మూడు, నాలుగు అంటే చాలు. కాంటనీస్‌లో ఈ విభజన చాలా దూరం వెళ్లింది. జంతువులకు చెక్3, పుస్తకాలకు పున్2, చొక్కాల వంటి బట్టలకు కిన్6, చేప, దారి, ప్యాంటు వంటి పొడుగాటి వాటికి థియు4, మనుషులకు కో3. సంఖ్య ఉంటే ఇది తప్పనిసరి. ఒడియాలో ఇంత వైవిధ్యం లేదు. మనుషులకు జణ, బట్ట ముక్క వంటి వాటికి ఖండ, మిగతా చాలావాటికి టి లేదా టా. ‘తిని జణ లోక’ అంటే ముగ్గురు మనుషులు, ‘దుఇటి బహి’ అంటే రెండు పుస్తకాలు.

రోజులు, ఏళ్ల దగ్గర రెండు భాషలూ ఈ తోడును వదిలేస్తాయి. నెలల దగ్గర విడిపోతాయి. కాంటనీస్ నెలకు కో3 అడుగుతుంది. ఒడియా ‘తిని మాస’ అంటుంది.

అయితే అసలు సంగతి లెక్కలో లేదు, సంఖ్యను తీసేసినప్పుడు జరిగేదానిలో ఉంది. కాంటనీస్‌లో ‘చెక్3 కౌ2 చుఙ్1యి3 సిక్6 యుక్6’ అన్న వాక్యంలో సంఖ్య లేదు, ‘ఆ’ అనో ‘ఈ’ అనో చెప్పే మాట కూడా లేదు, క్లాసిఫయర్, దాని వెంట కుక్క అన్న మాట మాత్రమే ఉన్నాయి. అర్థం మాత్రం వినేవాడికి ముందే తెలిసిన ఫలానా కుక్కకు మాంసం ఇష్టమని. ఇదే వాక్యాన్ని సహోద్యోగి ఒడియాలో ‘కుకురటి మాంస ఖాఇబాకు భల పాఏ’ అని చెప్పారు. ఇక్కడా సంఖ్య లేదు. కుకుర అన్న మాటకు అంటుకున్న టి వల్లనే అది ఎరిగిన కుక్క అయింది. లెక్కపెట్టడానికి పుట్టిన మాట, లెక్క లేనప్పుడు నామవాచకాన్ని తెలిసిన వస్తువుగా నిలబెట్టడమన్న ఒకే పనికి రెండు చోట్లా వినియోగమైంది. ఒకచోట నామవాచకానికి ముందు, ఒకచోట వెనుక.

బహువచనంలో పోలిక ఇంకా ముందుకు సాగింది. ‘తి1 స్యూ1’ అంటే ఆ పుస్తకాలు, ఒడియాలో ‘బహిగుడిక’. ‘తి1 సొయ్2’ అంటే ఆ నీళ్లు, ఒడియాలో ‘పాణితక’. లెక్కించదగిన వాటికీ కొలవదగిన వాటికీ కాంటనీస్ ఒకే తి1ను వాడుకుంటే ఒడియా గుడిక, తక అంటూ రెండుగా విడదీసింది.

తేడా ఎక్కడ వస్తుందో పట్టుకోవడానికి కొంత సమయం పట్టింది. కాంటనీస్‌లో క్రియ తరువాత వచ్చిన క్లాసిఫయర్ తెలిసిన వస్తువునే సూచించాలన్న నియమం లేదు. ‘ఙో5 సొఙ్2 మాయ్5 పున్2 స్యూ1’ అంటే ఏదో ఒక పుస్తకం కొనాలనుకుంటున్నానని అర్థం. ఒకటి అన్న యత్1 జారిపోయి క్లాసిఫయర్ మాత్రం మిగిలిందని దీనికి వివరణ. క్రియకు ముందు అయితే తెలిసిన వస్తువే, తరువాత అయితే రెండూ కావచ్చు. తేల్చేది స్థానమూ సందర్భమూ. ఒడియా ఆ భారాన్ని స్థానం మీద వేయలేదు. ‘ముఁ బహిటిఏ కిణిబాకు చాహేఁ’ అన్నప్పుడు టి వెనుక ఒక ఏ చేరింది. బహిటి అంటే ఆ పుస్తకం, బహిటిఏ అంటే ఒక పుస్తకం. ఈ ఏ ఒకటిని సూచించేది. జణే (ఒక మనిషి), మాసే (ఒక నెల), దినే (ఒక రోజు) అన్న మాటల్లోనూ అదే ఉంది. సంఖ్యతో కలిసినప్పుడు కూడా ఒడియా మాటల వరుసను తిప్పి పని జరుపుకుంటుంది. ‘దుఇటి పిలా’ ఇద్దరు పిల్లలు, ‘పిలా దుఇటి’ ఆ ఇద్దరు పిల్లలు. కాంటనీస్‌కు ఇలా తిప్పే వెసులుబాటు లేదు, ‘ఆ’ అన్న అర్థమిచ్చే కో2 అన్న మాటను ముందు పెట్టుకోవాలి.

టి, టాల తేడా గురించి సహోద్యోగిని అడిగితే, “మనం పెంచుకున్న కుక్క అయితే కుకురటి అంటామండీ, వెంటబడి తరిమేదైతే కుకురటా అంటాం” అన్నారు. నియమం ఇంత కచ్చితమైనది కాదని ఆయనే తరువాత చెప్పారు. టా మామూలు వాడుకలోనూ వస్తుంది. కానీ ముద్దు, మన్నన టి వైపే మొగ్గుతాయి. కాంటనీస్‌లో మనుషుల దగ్గర ఇలాంటి మొగ్గు ఉంది. మామూలుగా కో3, గౌరవించదగిన వారికి వై2, తేలిక చేయదలిస్తే పొడుగాటి వస్తువులకు వాడే థియు4. గౌరవాన్ని క్రియ చివరలోనో సర్వనామంలోనో వెదికే అలవాటున్న మనకు అది క్లాసిఫయర్‌లో దొరకడం కొత్తగా ఉంటుంది. ఒడియా క్రియలోనూ గౌరవం చూపగలదు, ‘సే ఆసిలా’, ‘సే ఆసిలే’ అన్న తేడాతో. కాంటనీస్ క్రియకు అలాంటి మార్పు లేదు. ఒడియా సే, కాంటనీస్ ఖొయ్5 రెండూ ఆడ, మగ భేదం చూపవు కనుక తెలుగు వరుసలో అతను, ఆమె, ఆయన, వాడుల్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు. అలా ఎంచుకున్న ప్రతిచోటా నక్షత్రం గుర్తు పెట్టాను.

ఏప్రిల్: కాదు, లేదు

వ్యతిరేకార్థ వాక్యాల్లో మూడు భాషలూ ఒక పంక్తిలో కూర్చున్నాయి. పుస్తకం కాదు, పుస్తకం లేదు అని మనం విడదీసినట్టే ఒడియా ‘బహి నుహేఁ’, ‘బహి నాహిఁ’ అనీ, కాంటనీస్ ‘మ్4 హై6 స్యూ1’, ‘మోవ్5 స్యూ1’ అనీ విడదీస్తాయి. లేదు అన్న మాటనే జరగని పనికి వాడుకోవడంలోనూ మూడూ కలుస్తాయి: తినలేదు, ‘ఖాఇ నాహిఁ’, ‘మోవ్5 సిక్6’.

భవిష్యత్కాల క్రియల దగ్గర ఈ పొత్తు చెదిరింది. నేను వెళ్లను అన్నప్పుడు తెలుగు లేదును వదిలి క్రియనే మార్చుకుంటుంది, కాంటనీస్ మోవ్5ను వదిలి ‘మ్4 హొయ్3’ అంటుంది, ఒడియా మాత్రం ‘జిబి నాహిఁ’ అని అదే నాహిఁని కొనసాగిస్తుంది. అంటే ఒడియా నాహిఁ పరిధి మిగతా రెండింటికన్నా విశాలం. నుహేఁ, నాహిఁల జంటను కాదు, లేదులతో అతికించి చూపే పాఠాలు ఈ ఒక్క చోట చదువరిని తప్పుదారి పట్టిస్తాయి.

మే: నిజమైన మాటల్లో వెతకడం

చెప్పించి రాసుకున్న వాక్యాలు ఒక ఎత్తు, జనం సహజంగా మాట్లాడినవి ఒక ఎత్తు. కాంటనీస్‌కు 1997, 1998 సంవత్సరాల్లో రికార్డు చేసిన సంభాషణల హాంగ్‌కాంగ్ కాంటనీస్ కార్పస్ (భాషా పరిశోధనకు కూర్చిన పాఠాల సంకలనం) పైకాంటనీస్ అనే పైథాన్ ప్యాకేజీలో సిద్ధంగా ఉంది. మాటలు విడదీసి, ప్రతి మాటకూ వ్యాకరణ గుర్తు తగిలించి ఉంచారు కనుక, ముందు సంఖ్యగానీ ‘ఆ’, ‘ఈ’ వంటి సూచక పదంగానీ లేని క్లాసిఫయర్లను వడగట్టడం సులువైంది. తి1, కో3 విరివిగా కనిపించాయి. క్రియకు ముందున్నవాటిని ఒక్కొక్కటిగా ఉపాధ్యాయురాలికి చదివి వినిపించాను. ఆమె వాటిని తెలిసిన వస్తువులుగానే అర్థం చేసుకున్నారు.

ఒడియాకు 2002 నుంచి నడుస్తున్న ఒడియా వికీపీడియా పాఠాన్ని తీసుకున్నాను. ఇక్కడ గుర్తులు తగిలించిన పాఠం కాదు కనుక మాట చివర టి ఉన్నవన్నీ వచ్చిపడ్డాయి. మాటి అంటే మట్టి, కోటి అంటే కోటే. ఇలాంటివాటిని జాబితా రాసి తొలగించవలసి వచ్చింది. విజ్ఞానసర్వస్వం శైలి కావడంతో టా చాలా అరుదు, టి, టిఏలే ఎక్కువ. టా కోసం సంభాషణల పాఠం కావాలి.

ఈ పోలిక ఎలా వచ్చిందన్న ప్రశ్నను ఎవరైనా అడుగుతారు కనుక పట్టికకు ముందుమాటలో ఒక పేరా చేర్చాను. సంస్కృతంలో ఇలాంటి క్లాసిఫయర్లు లేవు, హిందీలో టి వంటిది లేదు. బంగ్లా, అస్సామీ, ఒడియాల్లో ఉన్నాయి. ప్రాచీన చీనా భాష కూడా చాలావరకు సంఖ్యను నేరుగా నామవాచకానికే చేర్చేది, క్లాసిఫయర్లు తరువాత పెరిగాయి. చీనా అధికార భాష అయిన ఈనాటి మాండరిన్‌లో క్లాసిఫయర్లు ఉన్నా, కుక్క వాక్యంలో లాగా ఒంటరి క్లాసిఫయర్‌ను వాక్యం మొదట పెట్టి తెలిసిన వస్తువును సూచించడం కుదరదు. అంటే ఈ ఒక్క విషయంలో ఒడియా తన బంధువైన హిందీకన్నా కాంటనీస్‌కు, కాంటనీస్ తన బంధువైన మాండరిన్‌కన్నా ఒడియాకు దగ్గరగా నడుస్తున్నాయి. రెండూ తమ తమ కుటుంబాల్లో తరువాత వచ్చిన మార్పులే. తూర్పు భారత భాషల్లోని క్లాసిఫయర్లను ఇరుగుపొరుగు భాషల ప్రభావంతో కలిపి చర్చించినవారిలో ఎమెనో ముఖ్యుడు. భారతదేశాన్ని ఒక భాషాప్రాంతంగా చూపిన ఆయన వ్యాసం 1956లో వచ్చింది. బరోతో కలిసి ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు కూర్చిన పండితుడిగా ఆయన తెలుగు పాఠకులకు తెలిసినవారే. అయితే ఆ చర్చ తూర్పు భారతానిది, కాంటనీస్ దాకా సాగదీయడానికి నా దగ్గర ఆధారం లేదు. పని ఒకటే కావడానికి పరిచయం అవసరం లేదన్నంతవరకే రాశాను.

చివరగా చేర్చిన వరుసలు స్వామ్యానివి, అంటే ఏది ఎవరిదో చెప్పేవి. ‘ఙో5 పున్2 స్యూ1’ అంటే నా పుస్తకం, ‘మో బహిటి’ అన్నా నా పుస్తకమే. ఒడియాలో మో ముందే షష్ఠీ రూపం, టి దానికి అదనం. కాంటనీస్‌లో ఙో5 మారదు. ‘యొక్క’ వంటి కె3 అన్న మాట రావలసిన చోట క్లాసిఫయర్ పున్2 వచ్చి కూర్చుని, సంబంధాన్నీ తెలిసినతనాన్నీ రెండింటినీ తానే చూపుతుంది. అందువల్ల స్వామ్యం అన్న నిలువు వరుసను రెండుగా చీల్చి, సంబంధం చూపేది ఏది, తెలిసినతనం చూపేది ఏది అని వేరువేరుగా నమోదు చేస్తున్నాను. కాంటనీస్ వాక్యాల్లో ఆ రెండు గళ్లలోనూ పున్2 అనే పడింది.